పడుగు కాసిన కుక్క

వెంకటరావమ్మ అమ్మిన చీరల్లో ఇంతవరకూ ఒక్కదానిలోనూ లోపం లేదు. అంటే నిజంగా లేదని కాదు. ఎవరైనా మడత విప్పి, అంచు పక్కన పోగు తెగి ముడేసిన చోట వేలు పెట్టి చూపిస్తే, ఆమె కళ్ళజోడు సవరించుకుని, ఆ ముడిని పసిబిడ్డ బుగ్గ నిమిరినట్టు నిమిరి, "అది లోపం కాదమ్మా, చేనేత గుర్తు. మిషను మీద నేసినదానికి ఈ ముడి ఎక్కణ్ణించి వస్తుంది?" అనేది. ఆ మాట విన్నాక ముడి లేని చీర చూపిస్తే కొనేవాళ్ళు అనుమానంగా చూసేవారు. ముప్పై ఏళ్ళ కాపురంలో ఆమె మొగుడు మల్లేశ్వరరావుకు కూడా 'పొరపాటు నాదేనండీ' అన్న మాట ఆమె నోట వినే యోగం పట్టలేదు. పప్పులో ఉప్పు ఎక్కువైతే, ఆ పూట ఆయన నోటికి రుచి తెలియడం లేదని తేలేది.

అలాంటి మనిషి ఒక ఆదివారం మధ్యాహ్నం గుణదలలో, కొండవైపు ఎక్కే సందులో, మూడు కుటుంబాల ఎదుట నిలబడి తన తప్పు తానే చెప్పుకుంది. ఆ సందులో వాళ్ళు ఇప్పటికీ ఆ సంగతిని కాస్త గొంతు తగ్గించి, గౌరవంగానే చెప్పుకుంటారు. దానికంతటికీ కారణం ఒక కుక్క.

కుక్క పేరు నాడె. మగ్గం మీద నేసేటప్పుడు అడ్డంగా వెళ్ళే పేక పోగును ఇటునుంచి అటూ అటునుంచి ఇటూ మోసుకుపోయే చెక్క ముక్కను నాడె అంటారు. పిల్లగా ఉన్నప్పుడు ఇదీ అలాగే పెడన వీధిలో ఈ కొసనుంచి ఆ కొసకు ఊరికే పరుగులు పెట్టేది. ఎర్రమట్టి రంగు ఒళ్ళు, మెడ కింద గుప్పెడంత తెలుపు. ఊరకుక్కే గానీ, మొహంలో ఏదో ఆఫీసులో పెద్ద ఉద్యోగం చేసి వచ్చిన గాంభీర్యం ఉండేది.

వెంకటరావమ్మ పెడనలో పుట్టి, పన్నెండో ఏట గుంటమగ్గంలోకి కాళ్ళు దించిన మనిషి. నలభై ఏళ్ళు నేసింది. చివరికి మోకాళ్ళు మొండికేసి ఇక మాతో కాదన్నాక, మొన్న వేసవిలో మగ్గం మరిదికి అప్పగించి మొగుడూ పెళ్ళాం విజయవాడ వచ్చేశారు. ఆయనకు బెంజ్ సర్కిల్ దగ్గర ఒక బట్టల షాపులో సేల్స్‌మన్ ఉద్యోగం దొరికింది. ఆమె పెడన నుంచి చీరలు తెప్పించి, సంచీ భుజాన వేసుకుని ఇల్లిల్లూ తిరిగి అమ్మేది. రిటైరైన నర్సు తెరేసమ్మ గారింట్లో కింది వాటా అద్దెకు దొరికింది. ఎదురింటి జరీనా జాకెట్లు కుడుతుంది కాబట్టి, చీరలకు ఫాల్ కుట్టడం, పికో చేయడం ఆమెకు అప్పజెప్పింది. సందులో పిల్లలు వెంకటరావమ్మకు 'చీరల మామ్మ' అని పేరు పెట్టారు. యాభై నాలుగేళ్ళకే మామ్మ ఏమిటని ఆమె మొదట్లో నొచ్చుకుంది గానీ, ఆంటీ అని పిలవమని పిల్లల్ని అడగడానికి మొహమాటం అడ్డొచ్చింది.

నాడె కూడా సందులో ఇట్టే కలిసిపోయింది. జరీనా కూతురు అఫ్సా, ఆరేళ్ళ పిల్ల, తన జడ క్లిప్పులు దాని చెవులకు పెట్టేది. అది క్లిప్పులతోనే కాసేపు సందులో తిరిగొచ్చేది. అంత మంచి కుక్క మూడుసార్లు పిల్లల్ని కరిచింది.

మొదటిసారి వినాయక చవితికి ముందు. పిల్లలు సందు మొదట్లో అడ్డంగా తాడు పట్టుకుని, వచ్చేపోయే బళ్ళను ఆపి చందా అడుగుతున్నారు. తొమ్మిదేళ్ళ సాయిగణేష్ తాడు కింద నుంచి ఇటు దూరాడో లేదో, అరుగు మీద పడుకున్న నాడె ఒక్క అరుపు అరిచి, వాడు అటు తిరిగేలోపు పిక్క పట్టుకుంది. వాడు తోక తొక్కి ఉంటాడంది వెంకటరావమ్మ. తోక అరుగు మీద ఉందనీ, వాడు రోడ్డు మీద ఉన్నాడనీ ఎవరో అన్నారు గానీ, ఆమె వినిపించుకోలేదు.

రెండోసారి దసరా సెలవుల్లో. ఇద్దరు ఆడపిల్లలు చెరో కొసా పట్టి తాడు తిప్పుతుంటే, అఫ్సా మధ్యలోకి పరిగెత్తింది. జడ క్లిప్పులు పెట్టిన ఆ చేతుల్ని నాడె గుర్తుపట్టలేదు. కాలి మీద రెండు పళ్ళు దిగాయి. తాడు దాని మొహానికి తగిలి ఉంటుందంది వెంకటరావమ్మ.

మూడోసారి డిసెంబరులో, సాక్షాత్తూ ఇంటి ఓనరుగారి మనవడిని. తెరేసమ్మ క్రిస్మస్‌కని గేటు నుంచి మెట్ల కమ్మీ దాకా నక్షత్రాల కాగితాలు గుచ్చిన దారం కట్టింది. అది మధ్యలో కాస్త జారి వేలాడింది. ఏడేళ్ళ జయంత్ స్కూలు నుంచి వచ్చి, సంచీతో సహా దాని కింద నుంచి వంగి దూసుకువచ్చాడు. ముంజేయి మీద పడింది కాటు.

నాడెకు కులమతాల పట్టింపు లేదని సందంతా ఒప్పుకుంది.

ఈ మూడుసార్లూ వెంకటరావమ్మ చేసిన పని మాత్రం ఒక్కటే. సాకు ఒక పక్క చెబుతూనే, పిల్లను లేదా పిల్లాణ్ణి చంకన వేసుకుని కుళాయి దగ్గర కూర్చోబెట్టి, తెరేసమ్మ గడియారం చూసి చాలనేదాకా పావుగంట సేపు సబ్బుతో గాయం కడిగేది. ఆటో ఎక్కించి ఆస్పత్రికి తీసుకెళ్ళి ఇంజెక్షను వేయించేది. మిగతా విడతలకు తేదీలు కేలండర్‌లో గుర్తు పెట్టుకుని, ఆ రోజు చీరల సంచీ ఇంట్లో వదిలేసి, తల్లుల కంటే ముందు తనే తయారై వాకిట్లో నిలబడేది. నాడెకు టీకా వేయించిన కాగితం ఎప్పుడూ సంచీలోనే ఉండేది. తప్పు ఒప్పుకోవడమే ఆమెకు చేతకాదు గానీ, బాధ్యత దగ్గర వెనకడుగు తెలియదు.

కానీ మూడోసారి ఆస్పత్రి వరండాలో జయంత్ పక్కన కూర్చున్నప్పుడు, చెప్పడానికి ఆమె దగ్గర సాకు లేకపోయింది. పిల్లాడు కుక్క వైపు కూడా చూడలేదు. అది కళ్ళారా చూసినవాళ్ళలో తనూ ఉంది.

జరీనా ఫాల్ కుట్టిన చీరలన్నీ మడతపెట్టి పంపేసి, ఇక కుదరదంది. తెరేసమ్మ కోప్పడలేదు. నర్సుగా ముప్పై ఐదేళ్ళు మనుషులకు చేదు మాటలు మెల్లగా చెప్పడం అలవాటైన మనిషి ఆమె.

"వచ్చే ఆదివారం దాకా చూస్తా రావమ్మా," అంది. "ఈలోగా నువ్వే ఏదో ఒకటి తేల్చు. నన్ను తేల్చమనకు."

మల్లేశ్వరరావు ఆ రాత్రంతా ఆలోచించి, పొద్దున పెళ్ళాం చీరల బేరానికి వెళ్ళాక, కుక్కను ఆటోలో వేసుకుని ఇబ్రహీంపట్నం బయలుదేరాడు. ఆయన లెక్కలో పథకం చాలా సులువు. థర్మల్ పవర్ స్టేషన్ గొట్టాలు కనిపించే చోట దింపెయ్యడం, ఆటో తిప్పుకుని వచ్చెయ్యడం. దారంతా నాడె తల బయట పెట్టి, గాలికి చెవులు ఎగరేసుకుంటూ, ఎవరో పెళ్ళికి పిలిచినట్టు కూర్చుంది. ఆటో ఆగాక దిగింది. చక్రానికి తన మర్యాద తను చేసి, ఆయన తేరుకునేలోపు మళ్ళీ ఎక్కి సీటు మధ్యలో సర్దుకుంది. డ్రైవరు నవ్వు ఆపుకోవడానికి అటు తిరిగాడు. పరువు కాపాడుకోవడానికి మల్లేశ్వరరావు దాన్ని దింపి, కాకా హోటలు దాకా నడిపించి, రెండు ఇడ్లీలు దానికీ రెండు తనకూ తీసుకున్నాడు.

పదకొండింటికి ఇద్దరూ ఇంటికి వచ్చేసరికి వెంకటరావమ్మ గుమ్మంలో ఉంది. ఆయన షాపు మానేసినట్టూ, కుక్క ఇడ్లీ తిన్నట్టూ ఆమెకు చూడగానే తెలిసిపోయింది.

"అక్కడ పిల్లలుండరాండీ?" అని అడిగింది.

"ఉన్నారే," అన్నాడు మల్లేశ్వరరావు చెప్పులు విప్పుతూ. "హోటలు ముందే స్కూలు బస్సు ఆగింది. చూసే తిరిగొచ్చా."

ఆమె వంటింట్లోకి వెళ్ళి వచ్చింది. ఆయనకు మజ్జిగ ఇచ్చింది. ఇంట్లో ఆయన మీద గౌరవం పెరిగిన రోజుల్లో మజ్జిగలో కరివేపాకు పడేది. ఆ రోజు పడింది.

నేతపనిలో ఒక పద్ధతి ఉంది. బట్టలో తప్పు కనిపించిన చోట తప్పు ఉండదు. పోగు పట్టుకుని, వేళ్ళతో తడుముకుంటూ వెనక్కి వెనక్కి పోవాలి. ఎక్కడో గజం అవతల, ఎప్పుడో వేసిన ముడి దగ్గర అసలు సంగతి దొరుకుతుంది. వెంకటరావమ్మకు తెలిసిన విద్య అదొక్కటే. ఇన్నాళ్ళూ కాట్ల గురించి పెద్దవాళ్ళంతా తలో కారణం చెప్పారు గానీ, కరిపించుకున్నవాళ్ళను ఎవరూ అడగలేదని ఆమెకు అప్పుడు తట్టింది.

గురువారం సాయంత్రం నాడెను లోపల గదిలో పెట్టి గొళ్ళెం వేసి, ఒక డబ్బా చెగోడీలతో ముగ్గురు పిల్లల్నీ అరుగు మీదికి పిలిచింది. ఆ రోజు ఏం చేస్తున్నారో అచ్చం అలాగే చేసి చూపించమంది. పిల్లలకు ఇంతకంటే పెద్ద పండగ ఉంటుందా. సాయిగణేష్ తన వేషం వేశాక, కుక్క వేషం కూడా తానే వేస్తానని పట్టుబట్టాడు. జయంత్ కింద పడటం నాలుగుసార్లు చూపించాడు. నాలుగోసారి మొదటిసారి కంటే బాగా వచ్చింది. అఫ్సా మాత్రం జరీనా గుమ్మంలోంచి చూస్తుండగా వచ్చి, తాడు ముట్టుకోకుండా, ఉత్త చేతులతో తాడు ఇలా తిరుగుతోందని గాలిలో గీసి, దాని కిందికి ఇలా వచ్చానని నడుము వంచి చూపించింది.

వెంకటరావమ్మ మొదట పిల్లల కాళ్ళూ చేతులూ చూసింది. తరువాత కుక్క పడుకునే చోటు చూసింది. అఫ్సా మూడోసారి వంగినప్పుడు పిల్లను వదిలేసి, పైన లేని తాడు వైపు చూసింది. చందా తాడు. ఆట తాడు. నక్షత్రాల దారం. మూడూ నడుమెత్తున, అటునుంచి ఇటు సాగదీసి ఉన్నాయి. మూడింటి కిందా పిల్లలే దూరారు.

ఆమె అరుగు మీద చతికిలబడింది. ఏమైంది మామ్మా అని జయంత్ అడిగితే, చెగోడీల డబ్బా మొత్తం వాడి చేతిలో పెట్టేసింది.

పెడనలో పొద్దున్నే వీధి పొడుగునా పడుగు సాగదీస్తారు. చీరకు నిలువుగా వెళ్ళే వేల పోగులు అవి. కర్రల మీద నడుమెత్తున నిలబెట్టి, గంజి పట్టించి, కుంచెతో దువ్వుతూ పోతారు. ఎండ ముదిరేలోపు పని అయిపోవాలి. సరిగ్గా అప్పుడే బడి పిల్లలు బయలుదేరతారు. చుట్టూ తిరిగి వెళ్ళమంటే ఏ పిల్లలు వెళతారు? పడుగు కింద నుంచి దూరిపోతారు. సంచీ బకిలు తగిలితే ఇరవై పోగులు తెగుతాయి. తెగిన ప్రతి పోగునూ వెతికి అతకాలి. నాడె నాలుగు నెలల పిల్లగా ఉన్నప్పుడు, ఒక రోజు అలా దూరిన పిల్లాణ్ణి చూసి మొరిగింది. వాడు హడలి వెనక్కి పోయాడు. వెంకటరావమ్మ మురిసిపోయి, మిగిలిన గంజిలో అన్నం కలిపి ముద్ద చేసి పెట్టింది. రెండో రోజూ మొరిగింది. మళ్ళీ ముద్ద. పది రోజుల్లో పడుగు వేస్తే చాలు, ఎవరూ చెప్పకుండానే నాడె ఆ కొసనుంచి ఈ కొసకు కాపలా తిరిగేది. మా కుక్క ఉండగా ఒక్క పోగు తెగదని ఆమె వీధంతా చెప్పుకుంది. పెడన పిల్లలకు అది మొరిగితే ఆగాలని తెలుసు కాబట్టి అక్కడ మొరుగుతోనే పని జరిగిపోయింది. గుణదల పిల్లలకు ఆ సంగతి ఎవరు చెప్పారు?

నాడె తన ఉద్యోగం తాను చేస్తోంది. ఊరు మారిందని దానికి ఎవరూ చెప్పలేదు.

అనుకోవడం వేరు, తేల్చుకోవడం వేరు. శుక్రవారం తెల్లవారగానే ఆమె మందపాటి నూలు పేని, ముడులు వేసి, ఎద్దుల మూతికి కట్టే వల లాంటి చిక్కం ఒకటి అల్లి నాడె మూతికి తొడిగింది. గొలుసు వేసి పెరట్లో కట్టేసింది. కుళాయి నుంచి కిటికీ దాకా నడుమెత్తున తాడు కట్టి, షాపుకు బయలుదేరుతున్న మల్లేశ్వరరావును పిలిచి, దాని కింద నుంచి ఒకసారి వెళ్ళమంది. ఇస్త్రీ చొక్కా నలగకుండా ఆయన మెల్లగా వంగి అటు వెళ్ళాడు. నాడె ఆవలించింది. పడుగు దువ్వే పెద్దవాళ్ళు అటూ ఇటూ వెళ్ళడం దానికి మామూలే.

"మీరు మీలాగే పోతే ఎలాగండీ?" అంది వెంకటరావమ్మ. "పిల్లాడిలా పోండి." అని జయంత్ స్కూలు సంచీ తెచ్చి ఆయన వీపుకు తగిలించింది.

యాభై ఎనిమిదేళ్ళ మల్లేశ్వరరావు, పక్కింటి కిటికీలు ఒకసారి చూసుకుని, సంచీ ఎగురుతుండగా నాలుగు గెంతులు గెంతి తాడు కిందికి దూరాడు. నాడె గొలుసు ఉన్నంత మేరా లేచి మీద పడింది. చిక్కం ఉంది కాబట్టి పిక్క మిగిలింది గానీ, ఆయన మాత్రం వెళ్ళి నీళ్ళ బకెట్లో కూర్చున్నాడు.

మేడ మీద బట్టలు ఆరేస్తున్న తెరేసమ్మ కిందికి వంగి చూసింది. "ఏమయ్యా మల్లేశ్వరరావూ, పొద్దున్నే ఏంటది?"

"స్కూలుకెళ్తున్నానండీ," అన్నాడాయన బకెట్లోంచి.

వెంకటరావమ్మ నవ్వలేదు. ఇక తప్పించుకునే దారి లేదని ఆమెకు తేలిపోయింది. శుక్ర, శనివారాలు ఆమె చీరలకు వెళ్ళలేదు. మల్లేశ్వరరావు ఒక సలహా ఇచ్చాడు. కారణం దొరికింది కదా, అది మనలోనే ఉంచుకుని, కుక్కకు వేడి చేసింది, మందు వేయించామని చెబుదామన్నాడు. ఆమె కూడా ఒక పూట ఆ మాట నోట్లో తిప్పి చూసుకుంది. ఎంతో తేలిగ్గా అమ్ముడుపోయే మాట అది. ఇంతకంటే పెద్ద ముడులను ఆమె అమ్మింది. కానీ సందులో రేపు ఇంకో తాడు కడతారు. ఎందుకు కరుస్తోందో తెలియని తల్లి, పిల్లను ఎలా కాచుకుంటుంది?

ఆదివారం చర్చి నుంచి తెరేసమ్మ వచ్చాక, జరీనానూ, సాయిగణేష్ తల్లినీ అరుగు దగ్గరికి రమ్మని కబురు పెట్టింది. వాళ్ళు వచ్చి నిలబడ్డారు. మల్లేశ్వరరావు పేపరు పట్టుకుని తలుపు చాటున నిలబడ్డాడు. పేపరు తలకిందులుగా ఉంది.

వెంకటరావమ్మ పడుగు సంగతి మొదలుపెట్టి, గంజి ముద్ద దాకా చెప్పింది. అక్కడ ఆగింది. ఆగితే సరిపోయేది. ఎవరూ అంతకంటే అడగలేదు. కానీ చీర కొంగు వేలికి చుట్టుకుని మళ్ళీ మొదలుపెట్టింది.

"ఇంకొకటుంది. పెడనలో ఒకసారి ఒక పిల్లాడి నిక్కరు పట్టుకుని చింపేసింది. కాస్తలో తప్పింది. అప్పుడే దాన్ని మందలించాల్సింది. నేను నవ్వి, నిక్కరు కుట్టిచ్చి, ఆ పూట దానికి రెండు ముద్దలు పెట్టాను. మీ పిల్లల్ని కరిచింది అది కాదండీ. నేనే. తప్పు నాది."

తలుపు చాటున పేపరు కింద పడిన చప్పుడు వినిపించింది.

"ఇది కూడా చేనేత గుర్తేనంటావనుకున్నా," అంది తెరేసమ్మ.

"కాదండీ. ఇది లోపమే."

జరీనాకు మాత్రం నవ్వు రాలేదు. "మా అఫ్సా దసరా నుంచి తాడు ముట్టుకోవట్లేదు ఆంటీ," అంది. "కొత్త తాడు కొనిచ్చారు వాళ్ళ నాన్న. మంచం కిందే ఉంది. మీరు తప్పు ఒప్పుకుంటే దాని భయం పోతుందా?"

పోదమ్మా అంది వెంకటరావమ్మ. ఓదార్పు మాట ఏదీ వెతుక్కోలేదు. తరువాత తెరేసమ్మ వైపు తిరిగి, నేర్పింది తనే కాబట్టి మాన్పించేదీ తనేననీ, అందుకు కొండ మీద మేరీమాత తిరునాళ్ళ దాకా గడువు కావాలనీ అడిగింది. అందాకా నాడె గడప దాటితే మూతికి చిక్కం, మెడకు గొలుసు, గొలుసు చివర తను. ఒక్కసారి చిక్కం లేకుండా కనిపిస్తే వాళ్ళు చెప్పక్కర్లేదు, తనే ఇల్లు ఖాళీ చేస్తుంది.

"మాన్పించండి. కానీ మా అఫ్సాతో కాదు," అంది జరీనా.

"ఎవరి పిల్లలతోనూ కాదమ్మా. మా ఆయన ఉన్నారుగా."

అలా మల్లేశ్వరరావు స్కూల్లో చేరాడు. రోజూ పొద్దున ఏడింటికి డాబా మీద తరగతి. మొదటి వారం తాడు నేల మీదే పడేసి ఉంచింది. నాడె కదలకుండా పడుకుంటే, కిందికి తీసుకెళ్ళి చిక్కం విప్పి గంజన్నం ముద్ద. తరువాత జానెడు ఎత్తున. తరువాత మోకాలెత్తున. నడుమెత్తుకు వచ్చేసరికి మల్లేశ్వరరావు సంచీ తగిలించుకుని, మొదట నడిచి, తరువాత గెంతి, చివరికి కేకలు వేస్తూ పరిగెత్తవలసి వచ్చింది. నాడె లేచిన రోజు ముద్ద లేదు, తిట్లూ లేవు. మళ్ళీ జానెడు ఎత్తు నుంచి మొదలు. ఏ ముద్ద పెట్టి కాపలా నేర్పిందో, ఆ ముద్దే పెట్టి కాపలా మాన్పించడానికి ఆమెకు నలభై రోజులు పట్టింది. మోకాళ్ళ నొప్పితో ఆ డాబా మెట్లు రోజూ ఎక్కి దిగింది. ఒక్క రోజు మానలేదు. చుట్టుపక్కల వాళ్ళు మొదట్లో మల్లేశ్వరరావును చూసి నవ్వుకోవడానికి డాబాల మీదికి వచ్చేవాళ్ళు. పదిహేనో రోజుకు, ఈ రోజు కుక్క లేచిందా లేదా అని ఆత్రంగా అడిగేవాళ్ళు.

ఈ చదువు వల్ల ఆయనకు ఒక్క నష్టం జరిగింది. ఒక రోజు షాపులో గచ్చు తుడుస్తూ అడ్డంగా తాడు కట్టారు. మల్లేశ్వరరావు చేతిలో పట్టుచీరల కట్టతో, కొనడానికి వచ్చినవాళ్ళందరూ చూస్తుండగా, అలవాటుకొద్దీ రెండు గెంతులు గెంతి దాని కిందికి దూరిపోయాడు. ఓనరు పిలిచి, ఆరోగ్యం ఎలా ఉందని అడిగాడు.

ఫిబ్రవరిలో మేరీమాత తిరునాళ్ళు వచ్చాయి. మూడు రోజులూ సందు నిండా జనం. కొండకు వెళ్ళే వరుసల కోసం ఎక్కడ చూసినా తాళ్ళు కట్టారు. ఎక్కడ చూసినా వాటి కింద దూరే పిల్లలు. తెరేసమ్మ అరుగు మీద ఆ మూడు రోజులూ చీరల కొట్టు పెట్టాలని వెంకటరావమ్మ వచ్చిన కొత్తలోనే అనుకుంది. సరుకు కూడా దిగింది. కుక్కను గదిలో పెట్టి గొళ్ళెం వేసి కూర్చోవచ్చు కదా అన్నాడు మల్లేశ్వరరావు. సరుకు కోసం పదిసార్లు తలుపు తీస్తామనీ, పదకొండోసారి ఎవరో ఒకరు గొళ్ళెం మరిచిపోతారనీ అందామె. మూడు రోజులూ తను కుక్క పక్కన లోపలే కూర్చుంటానంది.

మొదటి రోజు పొద్దున జరీనా గుమ్మంలోకి వచ్చి, "చీరలు ఇలా ఇవ్వండి ఆంటీ, నేను కూర్చుంటా," అంది. మూటలు మోసుకుని అరుగు మీదికి వెళ్ళిపోయింది.

లోపల నాడె పక్కన చాప మీద కూర్చున్న వెంకటరావమ్మకు కిటికీలోంచి బేరాలన్నీ వినిపించేవి. "ఇక్కడ పోగు తెగి ముడేశారమ్మా, చూసుకుని తీసుకోండి," అని జరీనా అడగనివాళ్ళకు కూడా చూపిస్తోంది. వెంకటరావమ్మ రెండుసార్లు లేవబోయి, గొలుసు చేతిలో ఉందని గుర్తొచ్చి కూర్చుంది. చిత్రం ఏమిటంటే, ముడి ఉన్న చీరలు అలా చెప్పినా అమ్ముడుపోయాయి.

మూడో రోజు సాయంత్రం జనం పలచబడ్డాక, పెరటి గుమ్మంలో అఫ్సా నిలబడింది. చేతిలో మంచం కింది కొత్త తాడు. వెనక జరీనా, ఆ వెనక జయంత్.

"మామ్మా, నాడె ముందు ఆడొచ్చా?"

వెంకటరావమ్మ జరీనా వైపు చూసింది. జరీనా మొహంలో సరే అనడం లేదు, వద్దనడమూ లేదు. పిల్ల తానే అడిగింది, అంతే.

వెంకటరావమ్మ చిక్కం ముడి రెండుసార్లు లాగి చూసింది. గొలుసు రెండు చుట్లు చేతికి చుట్టుకుని, పెరటికి అవతలి గోడ దగ్గర నాడెను పడుకోబెట్టి, పక్కనే నేల మీద కూర్చుంది. తాడు ఒక కొస కుళాయికి కట్టి, రెండో కొస జయంత్ తిప్పాడు. అఫ్సా చాలాసేపు తాడు వైపు కాకుండా కుక్క వైపే చూస్తూ నిలబడింది. ఎవరూ తొందర పెట్టలేదు. చివరికి తల వంచి లోపలికి దూకింది.

నాడె చెవులు నిక్కాయి. ముందుకాళ్ళ మీద లేచింది. ఒళ్ళంతా వణుకుతోంది. వెంకటరావమ్మ గొలుసు ఇంకో చుట్టు చేతికి చుట్టుకుంది. అది తాడును చూసింది, పిల్లను చూసింది. తరువాత తల తిప్పి, ముద్ద పెట్టే చేతి వైపు చూసింది. ఒక పెద్ద నిట్టూర్పు విడిచి, గడ్డం నేలకు ఆనించి పడుకుంది.

"ఒకటీ, రెండూ, మూడూ," అని అఫ్సా లెక్కపెడుతోంది. పదకొండు దగ్గర కాలికి తాడు తగిలి ఆగింది. దసరా తరువాత ఆ పిల్ల ఆడిన మొదటి తాడు ఆట అది. జరీనా కొంగుతో మొహం తుడుచుకుంటూ అటు తిరిగింది.

అంతా బయటికి వెళ్ళి తలుపు వేసుకున్నాకే వెంకటరావమ్మ చిక్కం విప్పి ముద్ద పెట్టింది. ఆ రోజు రెండు ముద్దలు. అది తినగానే మళ్ళీ చిక్కం తొడిగి, బయటికి తీసుకొచ్చింది.

జయంత్‌కు అది నచ్చలేదు. "అది మానేసింది కదా మామ్మా, ఇంకా చిక్కం ఎందుకు?"

"మానేసిందని నాకు తెలుసురా," అంది వెంకటరావమ్మ, ముడి ఇంకోసారి లాగి చూసుకుంటూ. "మానేశానని దానికి ఎంతవరకు గుర్తుంటుందో తెలీదు."

ఇప్పటికీ సాయంత్రం పూట ఆ సందులో ఆమె నాడెను తీసుకుని నడుస్తుంటే చూడవచ్చు. మూతికి చిక్కం, మెడకు గొలుసు, గొలుసు చివర ఆమె. కొత్తవాళ్ళెవరైనా జాలిపడి, పాపం మూతికి అదేంటండీ అని అడిగితే, ఆమె ఆగి, మొదటి నుంచీ చెబుతుంది. నిక్కరు సంగతితో సహా.